ముత్తెన్న గురించి నేను కొట్టేసిన వాక్యం

ముత్తెన్న తాగడు. ఇరవై ఏళ్లకు పైగా నేను రాయకుండా దాచిన మాట ఇదే. దాచడమే కాదు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మాటను ఒక సాహిత్య వారపత్రికలో ఆరు పేజీల వ్యాసంగా రాశాను. ఆ వ్యాసం చదివి ఎంతోమంది కళ్లనీళ్లు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. ప్రసిద్ధుల జీవితాలను పరిచయం చేసే వ్యాసాలు రాయడంలో నాకంటూ ఒక పేరు వచ్చింది దానితోనే. ఆ పేరు మీదనే నేను ఇన్నాళ్లు బతికాను. ఆ వ్యాసంలో కొడుకును కొట్టి, అతడి హార్మోనియాన్ని పసుపు ఉడికే కడాయిలో పడేసిన తాగుబోతు తండ్రి ఒకడున్నాడు. ఆ తండ్రి పేరు ముత్తెన్న. ఆర్మూరులో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. ఆయన చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి నేను. ఆయన కల్లు కూడా ముట్టడని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో నలుగురో ఐదుగురో ఉంటారు.

పోయిన చలికాలం మా పత్రిక ఆఫీసు ఉన్న భవనం అమ్ముడైంది. పత్రిక ఆగిపోయి చాలా ఏళ్లయినా కాగితాలు, బీరువాలు అక్కడే పడి ఉన్నాయి. ఒకప్పుడు ప్రూఫులు చూసిన ఆయన ఫోన్ చేసి, "మీ సొరుగులో ఏవో ఉన్నాయండి, తీసుకుపోతారా, చెత్తలో వెయ్యమంటారా?" అని అడిగాడు. వెళ్లాను. నలుగురం కూర్చుని అరుచుకుంటూ పనిచేసిన గదిలో ఒక్క కుర్చీ కూడా లేదు. సొరుగులో ఎండిపోయిన పెన్నులు, ఒక దువ్వెన, రబ్బరు బ్యాండు చుట్టిన నాలుగు క్యాసెట్లు దొరికాయి. ఒకదాని మీద నా చేతిరాతతో 'ముత్తెన్న' అని ఉంది. దాన్ని వినడానికి టేపురికార్డరు కోసం పది రోజులు వెతికాను. దొరికాక నా గదిలో ఒక మధ్యాహ్నం కూర్చుని విన్నాను. నా పెళ్లి నిలబడలేదు. ఆ ఇంట్లో నా గొంతు కాక ఇంకో గొంతు వినబడి చాలా కాలమైంది. మొదట పిచ్చుకల కూతలు, దూరంగా పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము తిరుగుతున్న మోత. తర్వాత ఆయన గొంతు. "ఏం బిడ్డా, తిన్నవా? ముందుగాల తిను, గా డబ్బ తర్వాత పెడుదువు."

మా నాన్న దుబాయిలో ఉండేవాడు. రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులుండి వెళ్లేవాడు. అమ్మ పొద్దంతా బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. కత్తెర చప్పుడు ఆగితే అమ్మ నిద్రపోయిందని అర్థం. నాకు ఆకలేస్తే గోడవతలకు పోవడమే. ముత్తెన్నను పెద్దబాపు అని పిలిచేవాణ్ణి. ఆయన భార్య పిల్లల చిన్నప్పుడే పోయింది. కొడుకు గంగాధర్, కూతురు లక్ష్మి. వంట ఆయనే చేసేవాడు. జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం, ఏదో ఒక పప్పు. రొట్టె కొట్టే చప్పుడుకే నేను గోడ దూకేవాణ్ణి. "వచ్చిండు మా ముష్టి దొర" అని నవ్వి, పెద్ద రొట్టె నాకే పెట్టేవాడు. నేను కూర్చుంటే గంగాధర్ నా కంచంలో చెయ్యి పెట్టేవాడు. వాడు నాకంటే నాలుగేళ్లు పెద్ద. అన్నా అని పిలిచినా, లోపల నాకు వాడంటే అసూయ ఉండేది. వాడికి నాన్న రోజూ ఇంట్లో ఉంటాడు.

ముత్తెన్న మార్కెట్ యార్డులో దడువాయి. రైతు తెచ్చిన పసుపును కాంట మీద తూచి బరువు చెప్పేవాడిని అలా అంటారు. రైతు నమ్మాలి, కొనేవాడు నమ్మాలి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కాంట ముల్లు వైపు కాకుండా దడువాయి మొహం వైపు చూస్తారు. ముత్తెన్న పొద్దున్నే చన్నీళ్లతో స్నానం చేసి, చేతులు మోచేతుల దాకా మళ్లీ విడిగా కడుక్కుని బయల్దేరేవాడు. సాయంత్రం వచ్చేసరికి చొక్కా, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ పసుపుపచ్చగా ఉండేవి. ఆ ధూళికి తుమ్ములు రావడం ఇంటికొచ్చిన కొత్తవాళ్లకే. మాకు అది అన్నం వాసనంత మామూలు. మా వైపు పెళ్లికైనా చావుకైనా కల్లు లేకుండా జరగదు. ముంత చేతికిస్తే ముత్తెన్న కాదనేవాడు కాదు, ఇచ్చినవాడు చిన్నబుచ్చుకుంటాడని. కళ్లకద్దుకుని పక్కవాడికి అందించేవాడు. ఒకసారి ఎవరో వేళాకోళం చేశారు. "ఏం ముత్తెన్నా, కల్లు తాగితె కులం పోతదా?"

"కులం పోదురా, చెయ్యి వణుకుతది. నా చెయ్యి వణికితె రైతు మునుగుతడు" అన్నాడాయన. ఆ మాట వాళ్లు నవ్వుతూ విన్నారు. పక్కన మెండోర నుంచి వచ్చే రైతులు మాత్రం వేరే కాంటలు ఖాళీగా ఉన్నా ఆయన కాంట కోసం ఎండలో నిలబడేవాళ్లు.

గంగాధర్‌కు నటన వచ్చింది ఆ కాంట దగ్గరే. ముత్తెన్న బస్తాలు లెక్క చెప్పేటప్పుడు పాడేవాడు. ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు అని ఒక్కో అంకెనూ ఒక్కో రకంగా సాగదీసేవాడు. బరువెక్కువ బస్తాకు గొంతులోనే బరువు వచ్చేది. తేమ పసుపు తెచ్చిన రైతు వస్తే అంకె చివర ఒక చిన్న దగ్గు చేర్చేవాడు. యార్డంతా నవ్వేది, ఆ రైతుతో సహా. గంగాధర్ ఇంటికొచ్చి తండ్రిని తండ్రి ముందే అనుకరించేవాడు. ముత్తెన్న రొట్టె కొట్టడం ఆపి, పిండి చేతులతో కళ్లు తుడుచుకుంటూ నవ్వేవాడు. "నాకంటె నువ్వే మంచిగంటున్నవ్ రా. రేపటి సంది నువ్వు పో యార్డుకు, నేను ఇంట్ల పండుకుంట" అనేవాడు. నిజామాబాదులో నాటక పోటీలుంటే కొడుకును ఆయనే తీసుకుపోయేవాడు. హార్మోనియం వాళ్లింట్లో ఎప్పుడూ లేదు. దాన్ని నేనే తెచ్చి పెట్టాను, కాగితం మీద.

నేను హైదరాబాదు వెళ్లి ఆ వారపత్రికలో చేరేసరికి గంగాధర్ సినిమాల్లో హాస్యనటుడైపోయాడు. మా సంపాదకులు మూర్తిగారు కోస్తా వైపు ఆయన. పొడవాటి వేళ్లు, ఇస్త్రీ నలగని చొక్కా. నాకు రాయడం నేర్పింది ఆయనే. "మొహం ఎలా ఉంటుందో ఫొటో చెబుతుందయ్యా. వంటింట్లో ఏ డబ్బా ముందు తెరుస్తాడో నువ్వు చెప్పు" అనేవారు. ఒక పెద్దమనిషిని కలవడానికి వెళితే ముందు గంట నోట్‌బుక్కు తియ్యవద్దనేవారు. ఇంటి నౌకరుతో అతడు మాట్లాడే తీరు వినమనేవారు. చెప్పులు ఎక్కడ విడుస్తాడో చూడమనేవారు. ఇప్పుడు ఎవరినైనా పరిచయం చెయ్యాలంటే ఫోను ముందు పెట్టి పది ప్రశ్నలడిగి సాయంత్రానికి జనం మీదికి వదులుతున్నారు. మాకు ఒక మనిషి కోసం నెల రోజులిచ్చేవారు. ఆ నెలను నేను ఎలా వాడానన్నదే ఇక్కడి విషయం. మూర్తిగారు నేర్పిన విద్యలో తప్పేమీ లేదు.

"మీ ఊరివాడేనటగా గంగాధర్? నువ్వే రాయాలి" అన్నారు. నేను షూటింగుల్లో వాడి వెంట తిరిగాను. తర్వాత ఆర్మూరు వెళ్లి పెద్దబాపు ముందు టేపురికార్డరు పెట్టాను. ఆ క్యాసెట్టే ఇప్పుడు దొరికింది. దాదాపు గంటసేపు ఆయన కొడుకు గురించే చెప్పాడు. ఏ నాటకంలో ఏ వేషం వేశాడో, ఎవరు చప్పట్లు కొట్టారో. చివర్లో నేను అడిగాను, మరి నీ గురించి ఏం రాయను అని. ఆయన అన్నాడు. "నా గురించి ఏముంటది బిడ్డా. ఒక్కటి రాయి. ఇన్నేండ్లు కాంట వట్టిన, ఒక్క రైతు గూడ మల్ల తూకమెయ్యుమనలే. గిది రాయి సాలు. ఇంకేం రాయకున్నా మంచిదే." టేపులో నా గొంతు వినబడుతుంది. "తప్పకుండ రాస్త పెద్దబాపూ."

రాశాను కూడా. మొదటి ప్రతిలో ఆ వాక్యం ఉంది. మూర్తిగారు చదివి కళ్లజోడు తీశారు. "మంచి తండ్రి, మంచి కొడుకు. ఇది వ్యాసమా, పెళ్లి శుభలేఖా? నవ్వించేవాడి వెనక ఏదో ఉంటుందయ్యా. నీకింకా కనబడలేదు. ఇంకోసారి వెళ్లు." మళ్లీ వెళ్లాను. గంగాధర్ మేకప్ వేసుకుంటున్నాడు. విషయం చెబితే అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

"ఏడుపు గావాల్నా మీ సారుకు? అయితె రాయి. మా బాపు తాగొచ్చి కొడుతుండె, చదువుకోనియ్యలే, ఆడనియ్యలే అని రాయి."

"అన్నా, పెద్దబాపు ముట్టడు గదనే."

"గది నీకెరుక, నాకెరుక. చదివేటోళ్లకెట్ల ఎరుకైతది? అయినా ముసలాయనకు అచ్చరం ముక్క రాదు, ఫికర్ చెయ్యకు."

నేను ఫికర్ చెయ్యలేదు. ఆ వారమంతా కూర్చుని రాశాను. గంగాధర్ ఇచ్చింది రెండు ముక్కలే, మిగతాదంతా నేను కల్పించాను. హార్మోనియం కల్పించాను, దెబ్బలు కల్పించాను, గుమ్మంలో తూలుతున్న నీడను కల్పించాను. చుట్టూ మాత్రం నిజం పెట్టాను. కడాయిలో ఉడికే పసుపు వాసన, పసుపుపచ్చ కనుబొమలు, రొట్టె కొట్టే చప్పుడు. ఏ డబ్బా ముందు తెరుస్తాడో చూసి రాయమన్నారు కదా మూర్తిగారు. ఆ ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు. ఒక అబద్ధానికి అంత నిజమైన వాసన పూయగలగడం ఆ ఇంట్లో తిన్నవాడికే సాధ్యం. రైతుల గురించిన వాక్యం ఇమడలేదు. తాగుబోతు చేతి తూకాన్ని ఏ రైతు నమ్ముతాడు? అందుకని దాన్ని కొట్టేశాను. మూర్తిగారు చివరిదాకా చదివారు. "ఇది ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు. ఆయనకు అబద్ధమని తెలియదు. అప్పుడైనా చెప్పగలిగేవాణ్ణి. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి తీసేస్తారని భయపడ్డాను.

చదువు రానివాడికి అచ్చు చేరదనుకోవడం మా ఇద్దరి తెలివితక్కువతనం. పుట్టి పెరిగిన ఊరి సంగతే మరిచిపోయాం. యార్డులో టీ కొట్టు దగ్గర పేపరు ఎవరూ ఒంటరిగా చదవరు. ఒకడు చదువుతాడు, పదిమంది వింటారు. ఊరి హీరో బొమ్మ అట్ట మీద వచ్చిన పత్రికను యార్డు గుమస్తా ఒకాయన బెంచీ ఎక్కి చదివాడట. ముత్తెన్నను ముందు వరసలో కూర్చోబెట్టారట. తర్వాత జరిగింది అమ్మ నాకు ఫోనులో చెప్పింది. చదివేవాడు సగంలో ఆగిపోతే, "చదువు, కానియ్యి" అన్నది ముత్తెన్నేనట. మరుసటి రోజు ఒక కుర్ర రైతు, ఊరికి కొత్తవాడు, తూకం అయ్యాక అందరి ముందు అన్నాడు. "మల్లొకసారి తూకమెయ్యుండ్రి." ముత్తెన్న మళ్లీ తూచాడు. ముల్లు అక్కడే నిలబడింది. ఇంకోసారి తూచమంటావా అని ఆ కుర్రవాణ్ణి అడిగి, వద్దన్నాక చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ కాంట పట్టలేదు. యార్డు పెద్దలు ఇంటికొచ్చి పిలిచినా పోలేదు. "అడిగినంక నమ్మకం పోయింది. ఇగ నాకు మనసొప్పదు" అన్నాడట.

"ఏం రాసినవ్ రా నువ్వు? గా గోడ దిక్కు మొకమెట్ల వెట్టాలె నేను?" అని అమ్మ ఫోనులో ఏడ్చింది. అది సినిమావాళ్ల వ్యవహారమనీ, గంగాధర్ చెబితేనే రాశాననీ అన్నాను. ఆ తర్వాత ఎన్నో వ్యాసాలు రాశాను. గాయకులు, క్రీడాకారులు, రచయితలు. ప్రతి మనిషి ఇంట్లోకి అడుగుపెట్టగానే గాయం ఎక్కడుందా అని వెతికేవాణ్ణి. దొరక్కపోతే విసుగొచ్చేది. నాతో ఎవరైనా దగ్గరగా మాట్లాడుతుంటే అందులోంచి ఏది తీసి రాయొచ్చా అని మనసు లెక్క వేసేది. నా భార్య వెళ్లిపోయే ముందు ఒకటే అంది, "మీతో మాట్లాడుతుంటే ఎవరికో వాంగ్మూలం ఇస్తున్నట్టుంటుంది" అని. అమ్మ పోయినప్పుడు ఆర్మూరు వెళ్లాను. ముత్తెన్న వచ్చాడు. పాడెకు భుజం పట్టాడు. స్నానం చేసి వచ్చి నా పక్కన కూర్చుని, "తిను బిడ్డా" అని విస్తరి నా వైపు జరిపాడు. నోరు తెరిస్తే చాలు అనుకున్న క్షణం అది. తిన్నాను. మర్నాడు పొద్దున బస్సెక్కేశాను.

క్యాసెట్టు విన్న తర్వాత సవరణ వెయ్యాలనిపించింది. కానీ వెయ్యడానికి పత్రిక లేదు. మూర్తిగారు లేరు. గంగాధర్‌కు ఫోన్ చేస్తే, "ఎప్పటి ముచ్చట రా అది? నేనే మర్శిపోయిన, నువ్వెందుకు తవ్వుతున్నవ్?" అని నవ్వాడు. ఇప్పుడు వాడికి పెద్దగా వేషాలు లేవు, ఏవో సీరియళ్లలో కనిపిస్తున్నాడు. ఆ నవ్వు చివర మాత్రం పాత దగ్గు ఉంది. అది ఎవరి దగ్గో వాడికి గుర్తుందో లేదో.

ఈ వేసవి మొదట్లో ఆర్మూరు బస్సెక్కాను. ఇందల్వాయి దాటాక కిటికీలోంచి పసుపు ఎండబోసిన కల్లాలు కనిపించాయి. యార్డు దగ్గర దిగి లోపలికి వెళ్లాను. కాంటల మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. రైతులు వాటినే చూస్తున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. పాడేవాళ్లు లేరు. తూకం గబగబా అయిపోతోంది, తప్పు కూడా ఉండకపోవచ్చు. అయినా అంత పెద్ద యార్డులో అంత తక్కువ మాట నేను ఎప్పుడూ వినలేదు. నన్ను గుర్తుపట్టినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ముత్తెన్న ఎక్కడుంటాడని అడిగితే ఒక ముసలి హమాలి, "బిడ్డ తాన ఉంటుండు, పెర్కిట్ల" అన్నాడు. ఆర్మూరును ఆనుకుని ఉండే ఆ పెర్కిట్‌కు ఆటో ఎక్కాను.

లక్ష్మి వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. "ఓహో, పేపరాయన వచ్చిండా? ఇంకేమన్న మిగిలిందా రాయనీకె?" అంది. పక్కవాళ్లు తలెత్తి చూశారు.

"రాయనీకె రాలే లక్ష్మీ. పెద్దబాపును చూద్దామని."

"చూడు. చూసుడుకు ఎవరొద్దంటరు. చెవులు ఇనవడయి, కండ్లు మంచిగనే ఉన్నయ్."

ముత్తెన్న లోపల మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. శబ్దం లేదు. ఏదో సీరియల్లో గంగాధర్ చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. తండ్రి అతడి పెదవుల్ని చూస్తున్నాడు. చాలా చిన్నగా అయిపోయాడాయన. కనుబొమలు తెల్లగా ఉన్నాయి. వాటిని తెల్లగా చూడటం నాకు అదే మొదటిసారి. ముందుకు వెళ్లి నిలబడితే నా మొహం దగ్గరికి లాక్కుని చూశాడు. "రమేషు" అన్నాడు. తర్వాత టీవీ వైపు చూపించి, "మంచిగ చేస్తుండు గదా?" అని అడిగాడు. తల ఊపాను. చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. "తిన్నవా?"

ఎలా చెప్పాలో బస్సులో అంతా సిద్ధం చేసుకున్నాను. మంచి వాక్యాలు. వాటిని చెవి దగ్గర, ఆయనకు మాత్రమే వినబడేలా మొదలుపెట్టాను. ఆయన చెవికి అరచెయ్యి పెట్టుకుని, "ఏంది బిడ్డా?" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ, "ఏంది?" అన్నాడు. ఆడవాళ్ల కత్తెరలు ఆగిపోయాయి. రోడ్డు మీద ఆటో డ్రైవరు ఇంకా అక్కడే ఉన్నాడు, ఎదురుగా దుకాణం మెట్ల మీద ముగ్గురు నలుగురు ఉన్నారు. నేను లక్ష్మి వైపు చూశాను, నువ్వు చెప్పవా అన్నట్టు.

"నన్నేం జూస్తవ్? గట్ల గుసగుస వెడితె ఇనవడదు" అంది లక్ష్మి. "పెద్దగ జెప్పు. నువ్వు రాసిన నాడు ఊరంతకు ఇనవడ్డది గద."

లేచి నిలబడ్డాను. సిద్ధం చేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. గొంతు చించుకుని అరిచాను. రోడ్డు అవతలివాళ్లు కూడా ఇటు తిరిగారు. "పెద్దబాపూ, నువ్వు తాగవు. తాగుతవని నేను అబద్ధం రాసిన. అబద్ధమని ఎరుకుండే రాసిన. గంగన్నది గాదు, మా సారుది గాదు, తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యి."